తొమ్మిది పూసల తోక

పాలకూర ఆకులో తయారయ్యే డి1 అనే ప్రోటీన్‌కు పుట్టుకతోనే ఒక తోక ఉంటుంది. ఆ తోక తెగితే తప్ప ఆకు నీటిని చీల్చి ఆక్సిజన్‌ను వదలలేదు. కిరణజన్య సంయోగక్రియలో నేను ఎన్నిసార్లు చదివినా తనివితీరని పనితనం ఇదే.

డి1 జన్యువు కణకేంద్రకంలో కాదు, హరితరేణువులోనే ఉంటుంది. అక్కడి రైబోజోమ్ థైలకాయిడ్ పొరకు ఆనుకుని కూర్చుని, అమినో ఆమ్లాలను పూసల్లా ఒక్కొక్కటిగా గుచ్చుతూ పోతుంది. దండ పూర్తయ్యేదాకా ఆగి తర్వాత పొరలో పెట్టడం ఉండదు. గుచ్చుతుండగానే దండ పొరలోకి దిగుతూ, అయిదుసార్లు అటూ ఇటూ దాటుతుంది. చివరి కొస పొరకు లోపలివైపున తేలుతుంది.

జన్యువు రాసిన లెక్క 353 పూసలు. కొలువుకు కావలసింది 344వ పూస వరకే. కొస తేలిన చోటే సీటీపీఏ అనే ఎంజైమ్ కాచుకుని ఉంటుంది. 344వదైన అలనిన్ తర్వాత ఒక్క కోత వేసి, మిగిలిన తొమ్మిదింటినీ తీసేస్తుంది.

ఈ కోత విలువ 2011లో కళ్లకు కట్టింది. జపాన్‌లో ఉమెనా, కవాకామి, షెన్, కామియా కలిసి ఒక సయనోబాక్టీరియా నుంచి తీసిన ఫోటోసిస్టమ్-2, అంటే డి1 కొలువుండే నీటిని చీల్చే యంత్రం, నిర్మాణాన్ని 1.9 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూపారు. నీటిని చీల్చే చోట నాలుగు మాంగనీస్, ఒక కాల్షియం, అయిదు ఆక్సిజన్ పరమాణువుల ముద్ద ఉంది. ఉంగరంలో రాయిని పట్టినట్టు దాన్ని ఏడు అమినో ఆమ్లాలు పట్టి ఉంచాయి. ఆరు డి1వే. వాటిలో ఒకటి, కోతతో బయటపడిన ఆ అలనిన్ కొస. తోక ఉంటే ఆ కొసకు పట్టే వీలే లేదు.

సెనెడెస్మస్ అనే ఆకుపచ్చ శైవలంలో ఎల్ఎఫ్-1 రకం దీనికి సాక్షి. దానిలో తోక తెగదు. యంత్రంలో మిగతా భాగాలన్నీ ఉన్నా, మాంగనీస్ కుదురుకోదు, ఆక్సిజన్ రాదు.

మరి తోక లేకుండానే గుచ్చవచ్చు కదా? క్లామిడోమోనస్‌లో జన్యువును కురచ చేసి చూశారు. తోక లేకుండా పుట్టిన డి1తోనే అది చక్కగా పెరిగింది, ఆక్సిజన్ వదిలింది. అంటే అడ్డు వచ్చేది తెగని తోకే తప్ప, తోక లేకపోవడం కాదు.

ఇక్కడే ఖర్చు లెక్క తడుతుంది. ఎండ ధాటికి ఫోటోసిస్టమ్-2లో ముందుగా దెబ్బతినేది డి1. తీవ్రమైన వెలుతురులో గంట తిరక్కుండానే ఎన్నో డి1లు పాడవుతాయి. మొక్క యంత్రాన్నంతా పారేయదు. ఎఫ్‌టీఎస్‌హెచ్ అనే ఎంజైమ్ పాడైన డి1ను మాత్రం లాగి ముక్కలు చేస్తుంది. కొత్త డి1 ఆ చోటనే కూర్చుంటుంది, మిగతా ప్రోటీన్లు మళ్లీ పనిలోకి వస్తాయి. ఇంత పొదుపుగా మరమ్మతు చేసుకునే మొక్కే, ప్రతి కొత్త డి1కూ తొమ్మిది పూసలు గుచ్చి, కోసి పారేస్తుంది.

అది దుబారా కాదని సినెకోసిస్టిస్ అనే సయనోబాక్టీరియా చూపింది. తోక ఉన్నదాన్నీ లేనిదాన్నీ ఒకే పాత్రలో పెంచితే, కొన్ని తరాలకు తోక ఉన్నదే నిలిచింది. ఒంటరిగా ఉన్నప్పుడు కనిపించని ఆ చిన్న లాభం పోటీలో తేలింది. పాలకూర ఈ పొద్దున కూడా ఆ తొమ్మిదింటినీ గుచ్చే కోసింది.