తీరని పని – తీరిక: అబ్బూరి ఛాయాదేవి, పి. సత్యవతి కథల్లో విశ్రాంతి భావన

ప్రవేశిక

పని లేని సమయాన్ని సూచించే తెలుగు మాటల్లో 'తీరిక' ఒకటి. 'తీరు' అనే క్రియ నుంచి ఏర్పడిన ఈ మాటలోనే ఒక షరతు ఉంది: పని తీరితేనే తీరిక. నూర్పిడి ముగించుకున్న రైతుకు, బడి విడిచిపెట్టిన పంతులుకు, కచేరీ కట్టేసిన గుమాస్తాకు ఈ షరతు మోయలేనిది కాదు. వారి పనికి ఎక్కడో ఒకచోట ముగింపు ఉంటుంది. వండినది తినగానే మళ్ళీ వండవలసిన పనికి, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడవవలసిన పనికి అటువంటి ముగింపు లేదు. ఆ పని చేసేవారికి తీరిక భాషలో ఉంది కాని బతుకులో లేదు.

స్త్రీల శ్రమను చిత్రించిన తెలుగు కథలను విమర్శ ఎక్కువగా అస్తిత్వం, ఆర్థిక స్వాతంత్ర్యం, కుటుంబ ఆధిపత్యం అనే అంశాల వెలుగులో చదివింది. ఆ పఠనం అవసరమైనదే. అయితే ఈ కథల్లో 'బాగుండటం' అంటే ఏమిటి, దాన్ని కథకులు దేనితో కొలిచారు అన్న ప్రశ్నకు తగినంత చోటు దక్కలేదు. అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం', 'బోన్సాయ్ బ్రతుకు', పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలను ఆ ప్రశ్నతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పని మిగిలి ఉండగానే విశ్రమించగలగడమే ఈ కథల్లో స్వస్థతకు కొలమానమన్నది ఇక్కడి ప్రతిపాదన.

చట్టం లెక్కించిన విశ్రాంతి

పనిగంటలకు హద్దు ఉండాలన్న భావన ఇరవయ్యో శతాబ్దంలో చట్టరూపం దాల్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో ఆమోదించిన మొదటి ఒడంబడిక పరిశ్రమల్లో రోజుకు ఎనిమిది గంటల పనిని ప్రమాణంగా నిలిపింది. 1948 నాటి భారత ఫ్యాక్టరీల చట్టం వయోజన కార్మికుల పనికి వారానికి 48 గంటల పరిమితిని, వారాంతపు సెలవును నిర్దేశించింది. అదే ఏడాది వెలువడిన విశ్వమానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతిని, విరామాన్ని హక్కులుగా పేర్కొన్నది. వీటన్నిటి వెనుక ఉన్న ఊహ ఒకటే: పనిచోటు వేరు, ఇల్లు వేరు; పని అక్కడ, విశ్రాంతి ఇక్కడ.

ఇల్లే పనిచోటైన మనిషి ఈ ఊహలో ఇమడదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. ఈ అంకెలు విలువైనవి. అయినా అవి పనిచేసిన నిమిషాలనే పట్టి చూపుతాయి. పడుకున్నాక కూడా పాల గిన్నె మీద, పసిబిడ్డ ఏడుపు మీద, తలుపు చప్పుడు మీద ఉండిపోయే ధ్యాసను పట్టలేవు. ఆ మెలకువకు లెక్క కట్టిన రచన 'సుఖాంతం'.

'సుఖాంతం': కొలమానంగా నిద్ర

ఈ కథలోని స్త్రీ కోరుకున్నది ఆస్తి కాదు, అధికారం కాదు, ఉద్యోగమూ కాదు. ఎవరూ లేపని నిద్ర. పుట్టింట్లోనూ, కాపురంలోనూ ఆ నిద్రకు ఎప్పుడూ ఎవరో ఒకరి అవసరం అడ్డుపడుతుంది. వయసు మారుతుంది, బాధ్యత పేరు మారుతుంది. పిలుపు మాత్రం మారదు. చివరకు ఆమె నిద్రమాత్రలను ఆశ్రయిస్తుంది.

కథ బలం ఆ కోరిక చిన్నదనంలో ఉంది. పెద్ద కోరిక తీరకపోతే పాఠకుడు విధిని నిందించి ఊరుకోగలడు. నిద్ర వంటి దేహధర్మం ఒక జీవితకాలంలో తీరని కోరికగా మారినప్పుడు నింద విధి మీదికి పోదు, ఇంటి ఏర్పాటు మీదికి పోతుంది. ఆ ఇంట్లో ప్రత్యేకించి క్రూరులెవరూ ఉండనక్కరలేదు. ప్రతి ఒక్కరి అవసరమూ న్యాయంగానే కనిపిస్తుంది. అన్ని న్యాయాలూ కలిసి ఒక మనిషి నిద్రను తినేస్తాయి.

శీర్షికలోని వ్యంగ్యాన్ని జాగ్రత్తగా చదవాలి. మరణాన్ని విముక్తిగా చూపిందని ఈ కథను అర్థం చేసుకుంటే దాని వాదం తలకిందులవుతుంది. ఆమె అడిగింది చావు కాదు, నిద్ర. ఆ ఇంట్లో ఆ రెండింటికీ తేడా లేకుండా పోవడమే కథ చేసే ఆరోపణ. 'సుఖాంతం' అన్న పేరు పాఠకుడి చేత ఆ తేడాను వెతికిస్తుంది.

'బోన్సాయ్ బ్రతుకు': సౌకర్యం వేరు, స్వస్థత వేరు

విశ్రాంతి లేమికి ఉద్యోగం, వసతులు పరిష్కారమా అన్న ప్రశ్నను 'బోన్సాయ్ బ్రతుకు' ముందుకు తెస్తుంది. పెద్దగా చదువుకోని అక్క, ఢిల్లీలో ఉద్యోగం చేసే చెల్లెలి ఇంటికి వస్తుంది. అక్క కంటికి చెల్లెలిది స్వతంత్ర జీవితం. చెల్లెలికి తెలిసినది ఇంటా బయటా రెండు పనుల మోత. కథలో ఈ రెండు దృష్టులూ ఎదురెదురుగా నిలుస్తాయి. ఒకటి నిజం, మరొకటి భ్రమ అని రచయిత్రి తీర్పు చెప్పదు.

కుండీలోని తురాయి, దానిమ్మ మొక్కలకు లోటేమీ లేదు. వాటికి నీరుంది, నీడ ఉంది, కనిపెట్టుకునే చేయి ఉంది. ఆ చేయే వాటి వేళ్ళనూ కొమ్మలనూ కత్తిరిస్తుంది. గాలివాన వచ్చినప్పుడు బోన్సాయ్‌ని లోపలికి తెచ్చుకోవాలి. వీధిలోని తురాయి చెట్టు మాత్రం మనుషులకు ఆశ్రయమిస్తుంది. స్త్రీ జీవితం బోన్సాయ్ వంటిదన్న పోలిక చదువుకున్న చెల్లెలి నోట కాక అక్క నోట రావడం ఈ కథలో గమనించదగిన విషయం. సంరక్షణను అందుకోవడం క్షేమంగా ఉండటమే అన్న సాధారణ నమ్మకాన్ని ఆ పోలిక విడదీస్తుంది. ఛాయాదేవి స్వయంగా గ్రంథాలయ వృత్తిలో పనిచేసి, స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశారు. ఉద్యోగాన్ని సర్వరోగ నివారిణిగా చూపని సంయమనం ఈ కథలోనూ కనిపిస్తుంది. ఆమె 'తన మార్గం' సంపుటికి 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

'ఇల్లలకగానే': పేరు దొరికిన తరువాత

ఇల్లలుకుతూ పేరు మరచిపోయిన ఈగ కథ తెలుగు పిల్లలందరూ వినేది. సత్యవతి దాన్ని ఒక గృహిణి కథగా మలిచారు. ఇంటిని అద్దంలా ఉంచే ఆమెకు ఒకనాడు తన పేరేమిటన్న ప్రశ్న కలుగుతుంది. పనిమనిషికి ఆమె అమ్మగారు, పిల్లలకు అమ్మ, భర్తకు 'ఏమోయ్'. పుట్టింటికి వెళ్ళి వెతుక్కుంటే, పాత స్నేహితురాలు ఆమెను 'శారదా' అని పిలుస్తుంది. చదువులో, చిత్రకళలో ఆమె చూపిన ప్రతిభనూ గుర్తుచేస్తుంది.

ఈ కథను పేరు తిరిగి దొరికిన కథగా, అంటే అస్తిత్వ కథగా చదవడం పరిపాటి. జానపద కథకూ ఈ కథకూ ఉన్న ఒక తేడాను ఆ పఠనం దాటిపోతుంది. ఈగకు పేరు తెలియగానే కథ కంచికి చేరుతుంది. సత్యవతి కథ అక్కడ ఆగదు. శారద ఇంటికి తిరిగి వస్తుంది. ఇల్లలకగానే పండగ కాదని భర్తకు చెబుతుంది. దుమ్ము దులపని సోఫాలో హాయిగా కూర్చుని, తాను తెచ్చుకున్న బొమ్మల ఆల్బమ్‌ను పిల్లలకు చూపిస్తుంది.

ఈ చివరి దృశ్యంలోని దుమ్ము అలంకారం కాదు. అంతకు ముందు ఆ ఇంట్లో దుమ్ము కనబడితే ఆమె కూర్చోలేదు. ఇప్పుడు పని అలాగే ఉంది, ఆమె కూర్చుంది. తీరికకు భాష పెట్టిన షరతు ఇక్కడ తెగిపోతుంది. 'స్వస్థత' అన్న పదానికి వ్యుత్పత్త్యర్థం తనలో తాను నిలిచి ఉండటం. పేరు దొరకడం ఆ స్థితికి ద్వారమైతే, దుమ్ము మధ్య కూర్చోగలగడం అందులో ప్రవేశించడం. 'సుఖాంతం'లోని స్త్రీకి దొరకనిది సరిగ్గా ఇదే. ఆమె అందరి పనీ తీరాక నిద్రపోవాలని ఎదురుచూసింది. శారద ఎదురుచూడటం మానుకుంది.

పరిమితి: దుమ్మును ఎవరు వదిలేయగలరు?

ఈ ప్రతిపాదనకు ఒక హద్దు ఉంది. మూడు కథలూ ప్రధానంగా మధ్యతరగతి ఇళ్ళ కథలు. శారద దుమ్మును వదిలేస్తే ఎవరూ ఆమె కూలి కోయరు. అదే ఇంటి పనిమనిషి వదిలేస్తే జీతం తెగుతుంది, పనే పోవచ్చు. కాళీపట్నం రామారావు 'ఆర్తి' కథలో కన్నవారికీ అత్తవారికీ మధ్య సాగే తగవు లోతుల్లో ఉన్నది పేదరికం; అక్కడ ఆడపిల్ల ఏ ఇంట ఉంటే ఆ ఇంటికి ఆమె రెక్కల కష్టం ఆధారమవుతుంది. అటువంటి బతుకులో విశ్రాంతి వ్యక్తి తీసుకునే నిర్ణయం కాలేదు. దంపుడు పాటలు, తిరగలి పాటలు వంటి శ్రామిక గేయాలను కూడా ఈ దృష్టితో మళ్ళీ చదవవలసి ఉంది. పాట రోకటిపోటు బరువును తేలిక చేస్తుంది గాని దంచవలసిన ధాన్యాన్ని తగ్గించదు. శ్రమలోని సౌందర్యాన్ని మెచ్చుకున్న జానపద విమర్శ, పాడిన గొంతుకు దొరికిన నిద్ర ఎంత అని కూడా అడగాలి.

ముగింపు

పరిశీలించిన మూడు కథలూ బాగోగులను జీతంతోనో వసతులతోనో కొలవలేదు. ఒకటి నిద్రతో, ఒకటి ఎదుగుదలతో, ఒకటి దులపని దుమ్ముతో కొలిచాయి. ఈ కొలతలు చిన్నవిగా కనిపించడం వల్లనే విమర్శ వాటిని ఇతివృత్త వివరాలుగా వదిలేసింది. పని తీరిన తరువాత దొరికేదే తీరిక అయితే, పని తీరని వారికి అది ఎన్నటికీ అందదు. పని ఉండగానే దానికి హక్కు ఉందని 'ఇల్లలకగానే' చివరి దృశ్యం చెబుతుంది. ఆ హక్కు శారదతోపాటు ఆమె ఇంటి పనిమనిషికీ ఎప్పుడు, ఏ షరతుల మీద దక్కుతుందన్నది తెలుగు శ్రామిక సాహిత్య పరిశోధన తరువాత తేల్చవలసిన ప్రశ్న.