తల్లి ఏదండీ?

కుక్కపిల్లను బ్రీడర్ దగ్గర కొనాలా, షెల్టర్ నుంచి తెచ్చుకోవాలా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. దత్తత ఇచ్చే ముందు షెల్టర్ తరఫున ఇళ్లకు వెళ్లి చూసి వచ్చే పని నాది. అందుకని నా జవాబు వాళ్లకు ముందే తెలుసనుకుంటారు. కానీ నేను మొదట అడిగేది వేరే. పగలంతా ఇంట్లో ఎవరుంటారు? ఎండాకాలం సెలవులకు ఊరెళితే దాన్ని ఎవరికి అప్పగిస్తారు? ఇంటి ఓనరు ఒప్పుకున్నారా? బాల్కనీ గ్రిల్ సందుల్లోంచి పిల్ల తల దూరుతుందా? వీటికి జవాబు లేని ఇంటికి ఏ కుక్కా వెళ్లకూడదు, ఎక్కడిదైనా సరే.

జవాబులున్నవాళ్లకు అసలు చిక్కు బ్రీడరూ కాదు, షెల్టరూ కాదు. ఈ రెండూ కాని మూడోవాడు. వాట్సాప్‌లో ఫొటో పెడతాడు, అడ్వాన్సు వేయించుకుంటాడు, ఏదో సర్కిల్ దగ్గర కారు డిక్కీలోంచి పిల్లను తీసి చేతిలో పెడతాడు. మన నగరాల్లో చాలా పిల్లలు చేతులు మారేది ఇలాగే.

మా పక్కింటి కుర్రాడు లాబ్రడార్ కావాలంటే అతనితో కలిసి హైదరాబాద్ శివార్లలో అలాంటి ఒక అమ్మకందారు దగ్గరికి వెళ్లాను. రేకుల షెడ్డు, ముక్కు మండించే ఫినాయిల్ వాసన, వైరు బోనులో నాలుగు పిల్లలు. "నలభై అయిదు రోజుల పిల్ల మేడమ్" అన్నాడతను. పెదవి ఎత్తి చూశాను. ముందుపళ్లే ఇంకా పూర్తిగా రాలేదు. "తల్లి ఏదండీ?" అంటే, ఫామ్‌లో ఉందన్నాడు. ఫామ్ ఎక్కడని అడిగితే మాట మార్చాడు. కుర్రాడు నా చెయ్యి పట్టుకుని "పోనీ తీసేసుకుందాం ఆంటీ, పాపం కదా" అన్నాడు.

ఆ పాపం అనే మాట మీదే ఈ వ్యాపారం నడుస్తోంది. మనం జాలిపడి ఒక పిల్లను బయటికి తెస్తే బోను ఖాళీ అవుతుంది. అది నింపడానికి ఆ కనబడని తల్లిని మళ్లీ కట్టిస్తారు. పిల్లకు చేసిన మేలు తల్లికి శిక్ష అవుతుంది. ఆ రోజు ఖాళీ చేతులతో తిరిగొచ్చాం. కుర్రాడు దారంతా మాట్లాడలేదు. అయినా అదే సరైన పని.

నలభై అయిదు రోజులన్నది బజారు లెక్క. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి. ఆడకుక్కకు ఏడాదిన్నర నిండకుండా, ఎనిమిదేళ్లు దాటాక కట్టించకూడదు. ఏడాదికి ఒక్క కాన్పే, జన్మలో అయిదుకు మించకూడదు. ఆ ఎనిమిది వారాలకు అర్థముంది. ఎంత గట్టిగా కరిస్తే నొప్పి పుడుతుందో పిల్ల నేర్చుకునేది తల్లీ తోబుట్టువుల దగ్గరే. తొందరగా విడదీసి, టీకా పడకుండా చేతులు మార్చిన పిల్లకు పార్వో వైరస్ తగిలితే వాంతులు, నెత్తుటి విరేచనాలతో రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. వైరస్ సోకినా వారం దాకా బయటపడకపోవచ్చు. కొన్న రోజు గంతులేసిందన్నది హామీ కాదు.

నిజమైన బ్రీడర్ దగ్గర పిల్లలు ఎప్పుడూ సిద్ధంగా ఉండవు. నెలల తరబడి ఆగమంటాడు. తల్లిని చూపిస్తాడు, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ అయితే తుంటి ఎక్స్‌రేలు చూపిస్తాడు, మీకు కుదరకపోతే పిల్లను తిరిగి నాకే ఇవ్వండంటాడు. కెన్నెల్ క్లబ్ కాగితం వంశాన్ని చెబుతుంది, ఆరోగ్యాన్ని కాదు. ఎదురు ప్రశ్నలతో మిమ్మల్ని విసిగించేవాడు దొరికితే అతన్ని వదులుకోకండి. అలాంటివాళ్లు ఉన్నారు, తక్కువమందే. జాతి మీదే మనసుంటే మన నేలవి కూడా చూడండి. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలను కాసిన జోనంగి, కర్నూలు వైపు పందికోన కుక్క మన ఎండకు పుట్టినవే. మే నెలలో హైదరాబాద్ ఫ్లాట్‌లో హస్కీ రొప్పుతుంటే చూడలేం.

అయినా మామూలు కుటుంబానికి నా ఓటు షెల్టర్‌కే. వీధి కుక్కల మీద 2025లో సుప్రీంకోర్టు ఆదేశాలు వచ్చాక షెల్టర్ల మీద భారం గురించి దేశమంతా మాట్లాడుకుంది. ఆ భారం కాస్త దించగలిగేది దత్తతే. కోర్టు కూడా దత్తతకు దారి తెరిచే ఉంచింది, తీసుకున్న కుక్క మళ్లీ వీధిన పడకూడదన్న షరతుతో. షెల్టర్ కుక్క అంటే అంతా సుఖమేనని చెప్పను. కర్ర పట్టుకున్న మనిషి కనబడితే వణికేవి ఉంటాయి, వారాల తరబడి మంచం కింద నుంచి రానివి ఉంటాయి. వాటి భయం వదిలేదాకా ఓపిక పట్టాలి.

షెల్టర్‌కు వెళ్లినప్పుడు పిల్లల గది దగ్గరే ఆగిపోకండి. మూడు నాలుగేళ్ల వాటిని చూపించమనండి. వాటి స్వభావం అప్పటికే తేలి ఉంటుంది. ఏది ఇంట్లో చిన్నపిల్లలతో మెలుగుతుందో, ఏది ఒంటరిగా ఉండలేదో అక్కడ అన్నం పెట్టే మనిషికి తెలుసు. ముందు ఆయన్ని అడగండి.