అరవై దాటాక ఎనిమిది వందలు

అరవై దాటిన మనిషికి డాక్టరు దగ్గర్నుంచి పక్కింటావిడ దాకా అందరూ ఇచ్చే సలహా ఒక్కటే: రోజూ నడవండి. మంచి సలహానే. నేనూ పాటించాను. అయితే ఈ వారం నేను రాయదలచుకున్నది నడక గురించి కాదు. పరుగు గురించి, అందులోనూ 800, 1500 మీటర్ల పరుగు గురించి. మారథాన్ పరిగెత్తే తాతల గురించి పత్రికల్లో చదువుతూనే ఉంటాం. వంద మీటర్లు పరిగెత్తిన బామ్మల ఫొటోలూ చూస్తాం. 2022లో ఫిన్లాండ్‌లోని టాంపెరెలో జరిగిన ప్రపంచ మాస్టర్స్ పోటీల్లో 94 ఏళ్ల భగవానీ దేవి వంద మీటర్ల స్వర్ణం గెలిస్తే దేశమంతా సంబరపడింది. ఈ రెండింటికీ మధ్యనున్న దూరాలు మాత్రం పెద్దవాళ్లకు సంబంధించినవి కావన్నట్టు ఉండిపోయాయి.

నిజానికి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ దూరం తెలియని ఊరు లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు ఏ మండలంలో చూసినా హైస్కూల్ గ్రౌండ్‌లోనో, చెరువు గట్టు మీదో, బైపాస్ పక్కనో కుర్రాళ్లు పరిగెడుతుంటారు. ఆర్మీకి కొందరు, పోలీసుకు కొందరు. వాళ్ల నోట వినిపించే మాట ‘పదహారు వందలు’. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే పూర్తి 60 మార్కులు. మన రాష్ట్ర కానిస్టేబుల్ పరీక్షలో అదే దూరానికి మగవాళ్లకు ఎనిమిది నిమిషాలు, ఆడవాళ్లకు పదిన్నర. ఈ అంకెలు మా ప్రాంతంలో వరి ధర తెలిసినట్టు అందరికీ తెలుసు. ఇంట్లో ఒక ఉద్యోగం, చెల్లెలి పెళ్లి, తీరాల్సిన అప్పు, అన్నీ ఆ నాలుగు రౌండ్ల మీద ఆధారపడి ఉంటాయి. మిడిల్ డిస్టెన్స్ పరుగు ఇంతగా ఇళ్లల్లోకి వచ్చిన ప్రాంతంలో, ఉద్యోగం రాగానే, లేదా వయసు దాటిపోగానే, దాన్ని పూర్తిగా వదిలేస్తాం. నలభై ఏళ్ల హెడ్ కానిస్టేబుల్ కూడా మళ్లీ ఆ దూరం పరిగెత్తడు.

లెక్కల టీచరుగా రిటైరయ్యాక శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కి నడకకు వెళ్లడం మొదలుపెట్టాను. నడిచేవాళ్లం బయటి అంచున, పరిగెత్తే కుర్రాళ్లు లోపలి వైపున. వాళ్లలో ఒకడు నా దగ్గర పదో తరగతి చదివినవాడు. “మేడమ్, మా రౌండ్లకి టైం సూసి పెడతారేటి?” అని ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరిచి చేతికిచ్చాడు. నోటుపుస్తకంలో ఒక్కొక్కడి పేరు కింద నాలుగు అంకెలు రాయడం అలవాటైంది. పుస్తకం తిరగేస్తే ఎవరి పేజీ చూసినా ఒకటే కథ: డెబ్భై మూడు, ఎనభై, తొంభై రెండు, ఎనభై తొమ్మిది.

“మూడో రౌండుకొచ్చేసరికి కాళ్లు రాళ్లయిపోతన్నాయి మేడమ్” అనేవాడు నా పాత విద్యార్థి.

“ఐదున్నర నిమిషాలంటే రౌండుకి ఎనభై రెండున్నర నాన్నా. నువ్వు మొదటిది డెబ్భై మూడులో కొట్టేశావు. కాళ్లు అక్కడే అయిపోయాయి.”

ఒకటో తారీఖున జీతం అందగానే సగం ఖర్చుపెట్టేసిన ఇంటికి ఇరవయ్యో తారీఖు ఎలా ఉంటుందో, మూడో రౌండు అలా ఉంటుంది. వారాల తరబడి అతనికి చెప్పి చెప్పి, మొదటి రౌండు ఎనభై ఒకటికి దింపించాక, నాలుగు అంకెలూ దగ్గరదగ్గరగా వచ్చిన ఉదయం నాకు కలిగిన సంతోషం, తరగతి గదిలో కూడా అరుదుగా కలిగింది. అప్పుడే అనిపించింది, ఈ లెక్క నా కాళ్లతో ఎందుకు చేయకూడదని.

ఇది ఉత్సాహం కొద్దీ చేసే పని కాదు. ముందు గుండె డాక్టరుకు చూపించుకున్నాను, బీపీ, ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష అయ్యాకే మొదలుపెట్టాను. అరవై దాటినవాళ్లెవరూ ఈ మెట్టు దాటేయకూడదు.

ఇక ఈ దూరాలే ఎందుకని అడిగేవాళ్లకు నా సమాధానం ఇది. వయసు మన దగ్గర్నుంచి ముందుగా పట్టుకెళ్లేది దమ్మును కాదు, వేగాన్ని. కండరాల్లో రెండు రకాల పోగులుంటాయి. నెమ్మదిగా చాలాసేపు పనిచేసేవి కొన్ని, ఒక్క ఊపులో బలం చూపించేవి కొన్ని. ఏళ్లు గడిచేకొద్దీ ఎక్కువగా చిక్కిపోయేవి ఈ రెండో రకమే. పెద్దవాళ్ల పరుగును కొలిచిన పరిశోధకులు చెప్పే ముఖ్యమైన మాట, నిమిషానికి వేసే అడుగుల సంఖ్య పెద్దగా తగ్గదు, అడుగు పొడవు తగ్గుతుంది. పిక్క నేలను వెనక్కి తన్నే బలం పోవడం దానికి పెద్ద కారణం. తడిసిన మెట్టు మీద కాలు జారినప్పుడు చటుక్కున రెండో కాలు వేసి మనల్ని నిలబెట్టేది కూడా ఆ చురుకైన పోగులే. నడక గుండెకు మంచిది, కానీ ఈ పోగులను అది పెద్దగా తట్టదు. మారథాన్ సాధన వాటిని కొంత తడుతుంది, ఎక్కువగా అలసట నేర్పుతుంది. వంద మీటర్లు పూర్తిగా వాటి మీదే ఆధారపడుతుంది, అయితే వేడెక్కని తొడ వెనక కండరం ఒక్క క్షణంలో పట్టేసే ప్రమాదం అక్కడే ఎక్కువ. 800, 1500 మాత్రం ఊపిరినీ వేగాన్నీ ఒకేసారి అడుగుతాయి. 800లో కూడా ఖర్చయ్యే శక్తిలో సగానికి పైగా ఊపిరి నుంచే రావాలి, మిగతాది కాళ్లు మండుతుండగా కండరం తనంతట తాను తెచ్చుకోవాలి. ఒక్క పరుగులో రెండు పరీక్షలూ రాయించే దూరం ఇంకొకటి నాకు తెలియదు.

కూర్చుని గడిపేవాళ్లలో ముప్పై దాటాక గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం పదేళ్లకు సుమారు పది శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. గట్టి సాధన మానకుండా ఉన్నవాళ్లలో ఆ తగ్గుదల సగానికి దిగవచ్చు. 1994 ఫిబ్రవరిలో ఐర్లాండ్‌కు చెందిన ఏమన్ కాగ్లన్ నలభై దాటిన వయసులో మైలు దూరాన్ని నాలుగు నిమిషాల లోపు పరిగెత్తిన తొలి మనిషి అయ్యాడు, 3 నిమిషాల 58.15 సెకన్లు. 1997లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ఇండోర్ పోటీల్లో 1500 మీటర్ల స్వర్ణం గెలిచిన రష్యా వనిత యెకతెరీనా పొద్కొపాయెవా వయసు 44. అది మాస్టర్స్ పోటీ కాదు, ఆమె వెనక పడినవాళ్లు ఆమెకంటే చిన్నవాళ్లు. ఇంగ్లండ్‌లో కుర్రతనంలో పరిగెత్తి, మానేసి, కెనడాకు వెళ్లి నలభైల్లో మళ్లీ మొదలుపెట్టిన ఎడ్ విట్‌లాక్‌ను లోకం మారథాన్ తాతగానే ఎరుగును. కానీ 48 ఏళ్ల వయసులో, 1979లో, ప్రపంచ మాస్టర్స్ స్వర్ణం ఆయనకు దక్కింది 1500 మీటర్లలోనే.

మాస్టర్స్ పోటీల్లో ఒక సంగతి నాకు ఎంతో నచ్చుతుంది. ముప్పై అయిదు నుంచి ఐదేసి ఏళ్లకు ఒక వర్గం. వయసు పెరిగేకొద్దీ షాట్‌పుట్ గుండు బరువు తగ్గిస్తారు, హర్డిల్స్ ఎత్తు దించుతారు, స్టీపుల్‌చేజ్ దూరం కుదిస్తారు. 800 మీటర్లు మాత్రం ముప్పై అయిదేళ్ల మనిషికీ తొంభై ఏళ్ల మనిషికీ 800 మీటర్లే. ఒక్క అడుగు కూడా తగ్గించరు. వయసుకు ఇంతకంటే పెద్ద గౌరవం ఉంటుందని నేను అనుకోను.

సాధన విషయానికి వస్తే, మొదట పిక్కలు. మా ఇంటి వీధి మెట్టు మీద ముని వేళ్ల మీద నిలబడి, మడమ గాలిలో ఉంచి, లేచి, మెల్లగా, నాలుగు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా మడమను మెట్టు కిందికి దించుతాను. లేవడం కంటే దిగడంలోనే పని ఉంది. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో మడమ వెనక నరం నొప్పికి ఇలా దించడాన్నే చికిత్సగా చూపించాడు. పెద్దవయసు పరుగుకు పెద్ద శత్రువు మోకాలు అని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో పిక్క, దాని కింది ఆ తాడు, ఇవే ముందు మొరాయిస్తాయి. కళింగపట్నం ఇసుకలో పరిగెడితే మంచిదని చాలామంది చెబుతారు. నీళ్లు తాకి గట్టిపడిన ఇసుక మీదయితే సరే. పొడి ఇసుకలో మడమ ప్రతి అడుగుకూ లోతుకు దిగిపోతుంది, మా వయసు నరం దాన్ని ఓర్చుకోదు. దానికంటే శాలిహుండం గుట్ట ఎక్కే దారి ఎంతో నయం. బౌద్ధ స్తూపాల వైపు పోయే ఆ ఏటవాలు మీద ముప్పై సెకన్లు గట్టిగా ఎక్కడం, నడిచి దిగడం. ఎక్కేటప్పుడు నేల ఎదురొస్తుంది కాబట్టి పాదం మీద పడే దెబ్బ తక్కువ, పిక్క చేసే పని ఎక్కువ. పై నుంచి వంశధార కనబడుతుంది, అది అదనపు లాభం.

వారంలో వేగం కోసం రెండే రోజులు. ఒక రోజు రెండు వందల మీటర్లు యాభై అయిదు సెకన్లలో, తర్వాత అంతే దూరం నడక, మళ్లీ రెండు వందలు. ఇంకో రోజు గుట్ట. ఈ రెండింటి మధ్య మూడు రోజుల ఎడం ఉండాల్సిందే. మిగిలిన రోజులు మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగేంత మెల్లగా. కుర్రాళ్లు ఈరోజు చితక్కొట్టి ఎల్లుండికి మళ్లీ సిద్ధమవుతారు. మా ఒళ్లు అదే పని చేస్తుంది, కాకపోతే ఇంకొక్క రోజు అడుగుతుంది. ఆ రోజు ఇవ్వడమే ఈ విద్యలో కష్టమైన భాగం. కాళ్లు తేలిగ్గా ఉన్న ఉదయం, పక్కన కుర్రాళ్లు దూసుకుపోతుంటే, ఆగి ఉండడానికి చాలా నిగ్రహం కావాలి. గరిష్ఠ గుండె వేగాన్ని 220 నుంచి వయసు తీసేసి లెక్కకట్టడం అందరికీ తెలిసిన సూత్రం. నా 63 ఏళ్లకు అది 157 అంటుంది. 2001లో తనాకా బృందం ఇచ్చిన సూత్రం వేరు, 208 లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేయాలి. అప్పుడు 164 దాకా వస్తుంది. రెండూ సగటు లెక్కలే. వాచీ చూపించే అంకె కంటే, పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నానా లేదా అన్నదే నాకు నమ్మకమైన కొలత.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మాది ఉద్దానం. పుట్టింటివైపు కవిటి, సోంపేట మండలాల్లో కిడ్నీ జబ్బుతో మనిషిని పోగొట్టుకోని బంధువుల ఇల్లు తక్కువ. ఆ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. కారణం తేలినా తేలకపోయినా, పరుగు మొదలుపెట్టిన పెద్దవాళ్లు చేయకూడని పని ఒకటి తేటతెల్లంగా తెలుసు. పిక్క నొప్పికి మందుల షాపులో నొప్పి బిళ్ల అడిగి వేసుకుని పరుగుకు రావడం. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. మన తీరంలో మే నెల తెల్లవారు ఐదింటికే చొక్కా పిండుకునేంత చెమట పడుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గిన వేళ ఆ బిళ్ల చేసే చెరుపు రెట్టింపు. నొప్పి ఉంటే ఆ రోజు పరుగు లేదు, అంతే. ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ, చోడి అంబలి, ఇవి మన ఇళ్లలో ఉన్నవే. మా గ్రౌండ్‌లో కొత్తగా వచ్చేవాళ్లను నేను ముందు అడిగేది వేగం గురించి కాదు, చివరిసారి క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు చేయించారని.

పోటీ సంగతి. “ఈ ఒయిసులో పోటీలేటమ్మా, ఒంటికి మంచిదని పరిగెడితే సాలదా?” అని మా వీధిలో పెద్దావిడ అడిగింది. చాలదు. గ్రౌండ్‌లో ఒక్కదాన్నే పరిగెత్తినప్పుడు ఐదు వందల మీటర్ల దగ్గర ఆగిపోవడానికి మనసు ఏదో ఒక మంచి కారణం చూపిస్తుంది. పక్కన ఇంకొకరి ఊపిరి వినబడుతుంటే ఆ కారణం పనిచేయదు. రాష్ట్ర మీట్‌లో మా వర్గాన్నీ పైవర్గాలనూ కలిపి వంపు గీత మీద నిలబెట్టారు. చున్నీని భుజం మీదుగా అడ్డంగా తెచ్చి నడుముకు బిగించి కట్టుకున్నాను. నా ఎడమ పక్కన విశాఖ నుంచి వచ్చిన డెబ్భై దాటిన ఆవిడ, జడను ముడి చుట్టి రెండు పిన్నులు పళ్లతో పట్టుకుని ఒక్కొక్కటే గుచ్చుకుంటోంది. తుపాకీ పేలగానే అందరూ చేసేదే చేశారు, విసురుగా వెళ్లిపోయారు. ఆవిడ వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు. మొదటి రౌండు గంట కొట్టేసరికి రెండు నిమిషాలకు ఒక సెకను తక్కువ. 2012లో లండన్‌లో 1:40.91తో ప్రపంచ రికార్డు పెట్టిన రుడిషా కూడా రెండో రౌండును మొదటిదానికంటే రెండు సెకన్లు ఆలస్యంగానే ముగించాడు. ఈ దూరంలో చివర్లో వేగం పెరగదు. అందరికీ తగ్గుతుంది. ఎవరికి తక్కువగా తగ్గిందో వాళ్లే ముందుంటారు. ఆరు వందల దగ్గర తొడలు మండాయి, మోచేతులు బిగుసుకున్నాయి, ముందు విసురుగా వెళ్లినవాళ్లు ఒక్కొక్కరే దగ్గరయ్యారు. ఆ మంటలో బుర్ర ఎంత తేటగా పనిచేస్తుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. పక్కావిడ నాకంటే రెండడుగులు ముందు ముగించింది. ముగించాక ఇద్దరం మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడ్డాం. ఊపిరి అందాక ఆవిడ అడిగిన మొదటి మాట: “మంగళవారం ఎన్ని రెండొందలు పరిగెడతావమ్మా?”

మన పెద్దవాళ్ల మీట్లలో వందకు, షాట్‌పుట్‌కు, నడక పోటీకి పేర్లు బాగానే వస్తాయి. ఆడవాళ్ల 800కు ముగ్గురో నలుగురో. 1500కు ఎవరూ రారని, దాన్ని జాబితాలోంచే తీసేసిన చోట్లూ ఉన్నాయి. నిర్వాహకులకు నా విన్నపం: పేర్లు రాలేదని తీసేయకండి, జాబితాలో ఉంచండి, పేర్లు మేం తెస్తాం. మా గ్రౌండ్‌లో ఇప్పుడు అరవై దాటిన ఆడవాళ్లం ఐదుగురం పరిగెడుతున్నాం. అందులో ఒకావిడ గత ఏడాది దాకా నడకకే ఆయాసపడేది. విజయనగరం నుంచి ఇద్దరు వస్తామన్నారు, ఒకరు పోలీసు శాఖలో రిటైరయిన ఆవిడ, ఆవిడకు పదహారు వందలు కొత్త కాదు. 1500ను ఎనిమిది నిమిషాల్లో అంటే వంద మీటర్లకు ముప్పై రెండు సెకన్లు. నోటుపుస్తకంలో ఒక్కొక్కరి పేరు కింద గడులు గీసి ఉంచాను. చలికాలం మీట్‌కి ఆధార్ జిరాక్సులతో సహా అందరి దరఖాస్తులూ ఒకేసారి పంపుతాం.