ముగ్గుపిండితో సమాజశాస్త్రం

డిగ్రీ కాలేజీలో సోషియాలజీ అంటే మార్కులు తేలిగ్గా పడే సబ్జెక్టని, గ్రూప్స్‌కు పనికొస్తుందని పేరు. రెండో మాట అబద్ధం కాదు. వెట్టి, జోగిని వ్యవస్థ, బాలకార్మికులు, వలస కూలీలు అన్నీ తెలంగాణ గ్రూప్-2 సిలబస్‌లో ఉన్నాయి. తాండూరులోనో వికారాబాద్‌లోనో ఈ పాఠం చెప్పే లెక్చరర్‌కు ఒక వెసులుబాటు ఉంది. సిలబస్‌లోని సగం అంశాలు తరగతి గదిలో బెంచీల మీదే కూర్చుని ఉంటాయి. ఒకరి నాన్న నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పని చేస్తుంటాడు, ఒకరి అమ్మ కంది చేలో కూలికి పోతుంది, ఒకరి మేనమామ కుటుంబంతో సహా పుణె వలసపోయి ఉంటాడు. అలాంటి పిల్లలకు వలస నిర్వచనాన్ని బోర్డు మీద రాసి బట్టీ పట్టమనడం నాకు వింతగా తోస్తుంది.

ఇంతకన్నా మంచి దారి హైదరాబాద్ పక్కనే పడింది. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న శ్యామాచరణ్ దూబే ఒక బృందంతో షామీర్‌పేట వెళ్లాడు. ఆ బృందంలో సమాజశాస్త్రం వాళ్లే కాదు, వ్యవసాయం, పశువైద్యం, వైద్యం, విద్య చదివినవాళ్లూ ఉన్నారు. ఒకరు మందులిస్తుంటే మరొకరు పశువులను చూస్తుండేవారు, ఇంకొకరు కులాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు రాసుకునేవారు. ఆ అధ్యయనం 1955లో ‘ఇండియన్ విలేజ్’ పుస్తకంగా లండన్‌లో అచ్చయింది. పుస్తకం కీర్తి అలా ఉంచితే, నాకు నచ్చేది ఆ పద్ధతి. ఊరి నుంచి సమాచారం తీసుకుంటూనే ఊరికి ఏదో ఒకటి చేసిపెట్టారు.

ఇలా ఊళ్లోకి దిగడంలో కొన్ని కిటుకులున్నాయి. మొదటి రోజే ప్రశ్నల కాగితం బయటికి తీయకూడదు. ఊరివాళ్లలో ఒకరిని వెంటబెట్టుకుని బొడ్రాయి, చెరువు కట్ట, పీర్ల చావిడి, చర్చి, దళితవాడ, తండా దారి అన్నీ తిరిగి రావాలి. బోరింగులు ఎక్కడున్నాయో, ఎక్కడ లేవో గుర్తు పెట్టుకోవాలి. వెంట వచ్చినాయన ఏ గల్లీ మొదట్లో ‘మీరు పోయి రాండ్రి’ అని ఆగిపోయాడో అదీ నోట్‌బుక్‌లో ఎక్కాల్సిందే.

తర్వాత ముగ్గు పటం. రచ్చబండ దగ్గర నేల ఊడ్చి, ముగ్గుపిండి ఇచ్చి, మీ ఊరు గీయండని అడుగుతారు. గ్రామీణ భాగస్వామ్య అధ్యయనం పేరుతో 1980ల చివర్లో దక్షిణ భారతంలోని స్వచ్ఛంద సంస్థలు ఈ పద్ధతిని పెంచి పోషించాయి. రాబర్ట్ చాంబర్స్ రాతలతో అది ప్రపంచమంతా తిరిగింది. తాండూరుకు దూరం కాని జహీరాబాద్ పరిసరాల్లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలకూ ఇది అలవాటైన పనే. కాగితం మీద గ్రామ పటం పరిస్తే చుట్టూ మగవాళ్లు మూగుతారు, చదువుకున్నాయన మాట్లాడతాడు. ముగ్గు దగ్గర ఆయనకు చేయి ఆడదు. బిందె పట్టుకుని రోజూ నీళ్లకు పోయే ఆమె మాత్రం తడుముకోకుండా వేస్తుంది.

ఇదే ముగ్గుతో పన్నెండు గళ్లు గీస్తే కాలపట్టిక తయారవుతుంది. పని దొరికిన నెలల గళ్లలో కందిగింజలు, అప్పు తెచ్చిన నెలల గళ్లలో చింతగింజలు పెట్టమంటారు. 2022లో భౌగోళిక గుర్తింపు దక్కిన తాండూరు కందిని తొలకరికి విత్తితే చలికాలంలో గానీ కోతకు రాదు. జూన్‌లో విత్తనాలకూ, పిల్లల ఫీజులకూ ఒకేసారి డబ్బు కావాలి. చింతగింజలు ఆ గడిలోనే ఎందుకు కుప్పపడ్డాయో విద్యార్థికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అడిగే తీరులోనూ నేర్పు కావాలి. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే చూసి, 2024లో మళ్లీ కులగణన చూసిన జనం వీళ్లు. ‘మీ ఆదాయం ఎంత?’ అంటే రేషన్ కార్డును తలచుకునే జవాబిస్తారు. ‘పోయిన ఎండాకాలం కూలి ఎక్కడ దొరికింది?’ అంటే కథ మొదలవుతుంది. తెలుగు, ఉర్దూ, కన్నడ, లంబాడీ కలగలిసిన ఈ సరిహద్దులో ఆ కథ పట్టుకోవడంలో పట్నం పరిశోధకుల కన్నా స్థానిక విద్యార్థులదే పైచేయి.

వికారాబాద్ 2016 అక్టోబర్ 11న జిల్లా అయింది, అంతకుముందు చాలావరకు రంగారెడ్డి జిల్లాలో భాగం. ఆ ఉమ్మడి జిల్లాలోనే పాఠం చెప్పే మనిషి ఊళ్లోకి దిగితే ఏమవుతుందో తేలింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన శాంతా సిన్హా (సమాజశాస్త్రం వాళ్లు కొంచెం ఈర్ష్యపడాలి) వెట్టి కూలీల మధ్య పనిచేస్తుంటే, వాళ్లలో పిల్లలూ ఉన్నారని తెలిసింది. 1991 నుంచి ఆమె సంస్థ ఎం.వి. ఫౌండేషన్ ఆ పిల్లలను బడికి తేవడం మొదలుపెట్టింది. పేదరికం పోతే గానీ పిల్లలు పని మానరని అప్పట్లో అంతా నమ్మేవారు. ఊళ్లలో విచారిస్తే వేరే సంగతి తేలింది: బడికి పంపాలని తల్లిదండ్రులకు ఉంది, అడ్మిషన్ దగ్గరే అడ్డంకులున్నాయి. బడికి పోని పిల్లలంతా బాలకార్మికులే అని సంస్థ తేల్చి చెప్పింది. దాంతో తమ్ముణ్ని ఎత్తుకుని ఇంట్లో ఉండిపోయే ఆడపిల్ల కూడా లెక్కలోకి వచ్చింది. వెనకబడిన పిల్లలను వయసుకు తగ్గ తరగతిలో చేర్చడానికి బ్రిడ్జి క్యాంపులు నడిపారు. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. నా లెక్కలో ఆ నిర్వచనం అవార్డుకన్నా పెద్దది.

కాలేజీలకు ఎన్ఎస్ఎస్ ఉంది కదా అంటారు. 1969 సెప్టెంబర్ 24న 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన పథకం, మంచి పథకమే. ఏడు రోజుల శిబిరంలో పిచ్చిమొక్కలు పీకి, ర్యాలీ తీసి, ఫొటో దిగి వచ్చేయడమే దాని అవస్థ. మొదటి రెండు రోజులు నడకకూ ముగ్గుకూ ఇస్తే మిగిలిన ఐదు రోజులు ఏం చేయాలో ఊరే చెబుతుంది. తాండూరు చుట్టుపక్కలైతే పాలిషింగ్ బురద ఎక్కడ పారబోస్తున్నారో, పక్కనే ఏ బావులున్నాయో పటంలోకి ఎక్కించవచ్చు. ఆ పటాన్ని గ్రామసభలో పరిచి, తప్పులుంటే ఊరివాళ్లతోనే దిద్దించాలి.

ఇక మిగిలింది రాసినదాన్ని భద్రపరచడం. దూబే రాసి ఉంచాడు కాబట్టి, నగరం మింగేస్తున్న షామీర్‌పేటలో ఏం మారిందో ఈనాటి విద్యార్థి సరిపోల్చి చెప్పగలడు. తాండూరు పక్క ఊళ్లకూ ఆ అవకాశం ఉండాలంటే పిల్లల రికార్డు పుస్తకాలు ప్రాక్టికల్స్ మార్కులు పడగానే పాతపేపర్ల బండి ఎక్కకూడదు. లెక్చరర్లు బదిలీ అవుతుంటారు, కాంట్రాక్టులు ముగుస్తుంటాయి. లైబ్రరీలో ఊరికో అర కేటాయించి తాళంచెవి లైబ్రేరియన్‌కు ఇస్తే, వచ్చే బ్యాచ్ అదే గల్లీకి పోయి అదే ప్రశ్న మళ్లీ అడగవచ్చు.