మానిటరు పెట్టెలు, రాతి గదులు

పాత తెలుగు చిత్రముల పేరుపట్టికను తుదివరకు చదువు అలవాటున్నవారికి, నటీనటుల పేర్లును సంగీతదర్శకుని పేరును గడచిన పిమ్మట, 'శబ్దగ్రహణము' అను చిన్న శీర్షిక క్రింద ఒకటి రెండు పేర్లు కానవచ్చును. 1957 నాటి 'మాయాబజార్'నకు ఎ. కృష్ణన్, శివరాం అను ఇరువురు ఆ భారమును వహించిరి. గాయకుని గళము ఎంత ముందునకు రావలెను, వీణ ఎంతమేర వెనుకకు తగ్గవలెను, మృదంగము ఎంత బరువుగా వినబడవలెను అను నిర్ణయములకు సభలలో సన్మానములు జరుగవు. కాని డెబ్బది యేండ్లు కావచ్చుచున్నను ఆ పాటలలో ఒక్క అక్షరమునైనను పోగొట్టుకొనకుండ మనము వినుచున్నామనగా, అది అట్టి నిర్ణయములు చేసిన చెవుల పుణ్యమే.

ఆ పనికి నేడు మద్రాసు వెళ్లవలసిన అగత్యము లేదు. మా ప్రకాశము జిల్లా దొడ్డవరములో 1925లో జన్మించిన భానుమతిగారు చెన్నపట్టణమున భరణీ స్టూడియోను నెలకొల్పిన కాలమున పాటను పట్టు యంత్రములకే ఒక భవనము కావలసియుండెను. నేడు మార్కాపురములో మేడమీద ఒక గది, ఒక కంప్యూటరు, ఒక మైకు, రెండు స్పీకర్లు గల యువకుడు చెన్నకేశవస్వామి బ్రహ్మోత్సవములకు భజనపాటలను, క్రిస్మసునకు కంభము ప్రాంతపు సంఘములవారి కీర్తనలను, శివరాత్రికి దోర్నాల మీదుగా శ్రీశైలము నడచిపోవు భక్తులకు దారిపాటలను, ఎన్నికలు వచ్చినప్పుడు ప్రచారగీతములను సిద్ధపరచుచున్నాడు. నేనును చిరకాలముగా ఈ వృత్తిలోనే ఉండి, గిద్దలూరు మొదలు ఎఱ్ఱగొండపాలెము వరకు ఇట్టి గదులు పెక్కింటిలో కూర్చుండి విన్నవాడను గనుక, ఆ గదులను గూర్చియు, అందలి మానిటరు స్పీకర్లను గూర్చియు ఈ వారము నాలుగు మాటలు వ్రాయవలెనని తోచినది.

ఇంటిలో పాట వినుటకు కొను స్పీకరునకును, పాటను కూర్చుటకు కొను మానిటరునకును గల భేదము ముఖ్యముగా వాని ధర్మములోనిది. మొదటిది వినువానిని సంతోషపెట్టవలెను; అందుకై దానిని చేయువారు మంద్రమును కొంత పెంచి, తారస్థాయికి కొంత మెరుగు పెట్టుట కలదు; అందులో తప్పేమియు లేదు. రెండవది ఉన్నదానిని ఉన్నట్లు చెప్పవలెను. మంద్రమును పెంచి వినిపించు పెట్టెను నమ్మి మిక్సింగు చేసినవాడు, బాస్ కావలసినంత ఉన్నదని తలచి పాటలో దానిని తగ్గించివేయును. ఆ పాట మరియొకచోట పలికినప్పుడు పలుచనై, బలము లేనిదై వినబడును.

ఈ విద్య చరిత్రలో 1978వ సంవత్సరము గుర్తుంచుకొనదగినది. ఆ యేట ఫిన్లండు దేశమున ఈసల్మి అను చిన్న పట్టణములో జెనెలెక్ సంస్థ పుట్టి, ఆంప్లిఫయరును పెట్టెలోనే ఇమిడ్చిన మానిటర్లను ఆ దేశపు రేడియోకొరకు తయారుచేసెను. జపానులో యమహావారు తెల్లని కాగితపు కోనుగల ఎన్‌ఎస్-10 అను పెట్టెను గృహోపయోగమునకై విడుదల చేసినదియు ఆ యేటనే. ఇండ్లలో దానికి ఆదరణ లభింపలేదు; బాబ్ క్లియర్‌మౌంటెన్ మొదలగు అమెరికా ఇంజనీర్లు దానిని చేరదీసిన పిమ్మట, ప్రపంచమున అది లేని స్టూడియో అరుదయ్యెను. దాని తారస్వరములు కర్కశములై యుండుటచే ట్వీటరుపై పల్చని టిష్యూ కాగితమును అడ్డుపెట్టు ఆచారము సైతము ప్రబలెను. కోనునకు కావలసిన కాగితపు గుజ్జు దొరకక 2001లో తయారీ నిలిచిపోయినను, నేటికిని దానిని వెదకి కొనువారు గలరు.

వినసొంపు లేని ఆ పెట్టెకు అంతటి గౌరవమెట్లు కలిగెనని పరిశీలించినవారికి దొరకిన సమాధానము మన భాషకు మిక్కిలి పనికివచ్చునదని నా నమ్మకము. దాని పెట్టె రంధ్రము లేక పూర్తిగా మూయబడినది. అందుచే శబ్దము ఆగవలసిన క్షణమున, మంద్రములో సైతము, వెంటనే ఆగును. మంద్రమును పెంచుటకై గొట్టము అమర్చిన చిన్నపెట్టెలు కొన్నింటిలో శబ్దము ఆగిన పిమ్మటను గాలి కొంతసేపు గునగునలాడుచుండును. తెలుగులో 'అక్క', 'గట్టు' అనునప్పుడు ద్విత్వము నడుమ నోరు మూతపడి రెప్పపాటు నిశ్శబ్దమేర్పడును. మన పాట నడకలో సగము అందము ఆ నిశ్శబ్దములోనే ఉన్నది. దరువు తాలూకు గునగున ఆ సందును పూడ్చివేసినచో అక్షరము మెత్తబడి, మాట మొద్దుబారును. అందుచే స్పీకరు కొనబోవు మన యువకులకు నేను చెప్పునదేమనగా, పెట్టె ఎంత లోతైన బాస్ ఇచ్చునో చూచుటకు ముందు, డప్పు దరువుపై ద్విత్వములు దట్టముగా ఉన్న ఒక జానపదమును పెట్టి, ఆ సందులు శుభ్రముగా వినబడుచున్నవో లేవో చూడవలెను. ఇంగ్లీషు పాటలు పెట్టి పరీక్షించినచో ఈ సంగతి తెలియదు.

ఇంతవరకు పెట్టె మాట. మా ప్రాంతమున పెట్టెకంటె గది పెద్ద చిక్కు. ఇది రాతి దేశము. మార్కాపురము పలకలు ఒకప్పుడు దేశమందలి బడులకెల్ల పోయినవి. మా ఇండ్లలో అడుగున నాపబండలు, నలువైపుల సిమెంటు పూతగోడలు, పైన స్లాబు. శబ్దమును మ్రింగునది ఆ గదిలో ఏదియు లేదు. పలికిన ప్రతి పలుకును ఆరు ముఖములనుండి తిరిగివచ్చును. పైగా మేడమీది గదులు సాధారణముగా 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. శబ్దము సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును గనుక, 10 అడుగుల ఎడముగల గోడల నడుమ 56 హెర్ట్జ్ స్వరమును, 12 అడుగుల నడుమ 47 హెర్ట్జ్ స్వరమును చిక్కుబడి నిలిచి ఊగును. వెడల్పును ఎత్తును సమానమైనప్పుడు ఆ 56 రెండింతలై లేచును. ఆ స్వరము గోడ చెంత గుండెలదరునట్లుండును. గది నడిమధ్య దాదాపు శూన్యము. ఎంత వెలపోసి తెచ్చిన మానిటరైనను దీనిని మార్చజాలదు.

గిద్దలూరు దాపున ఒక గ్రామమునుండి ఒక కుర్రవాడు నాకు ఫోను చేసి, "పెదనాయనా, ఇంట్లో యింటే గుండె అదిరిపోతాంది, ట్రాక్టరు మీద పెడితే ఏం ల్యా. పెట్టెలు మార్చేదా?" అని అడిగెను.

"నువ్వు కూచునేది యాడ, నాయనా?"

"మంచం మీదనే. గోడకానుకొని."

పెట్టెలు మార్చవలసిన పని లేకపోయినది. మంచము వదలి, పొడవు వైపున ముందుగోడనుండి నాలుగున్నర అడుగుల దూరమున కుర్చీ వేసికొని, రెండు స్పీకర్లును తన తలయును సమబాహు త్రిభుజమగునట్లు అమర్చి, ట్వీటర్లను చెవి ఎత్తునకు తెచ్చిన పిమ్మట, తాను ఇన్నాళ్లు గోడ పలికిన బాస్‌ను విని పాటలో దానిని తగ్గించుచు వచ్చితినని అతడే గ్రహించెను. పెట్టె తన వెనుకనున్న ముందుగోడనుండి రెండడుగుల దూరమున ఉన్నచో 141 హెర్ట్జ్ దగ్గర గోడనుండి వచ్చిన అల ఎదురుపడి స్వరమును కొట్టివేయుననియు, డప్పు నిండుతనమును పురుషగళపు గుండెబలమును అచటనే ఉండుననియు, కావున చిన్నగదిలో పెట్టెను ముందుగోడకు బాగుగా దగ్గరచేసి దాని వెనుకనున్న బాస్ తగ్గించు మీటను వాడుట మేలనియు తరువాత చెప్పితిని.

పత్తి పండు నేల మాది. పత్తి పరుపులను గోడలకు నిలబెట్టి గది బాగుపడినదనుకొనువారు గలరు. నాలుగంగుళముల పరుపు చప్పట్ల గలగలను ఆపును గాని 56 హెర్ట్జ్ అలను తాకనైన తాకదు. గోడను ఆనియున్నచోట గాలి కదలదు. అల పొడవులో నాలుగవ వంతు దూరమునగాని దాని కదలిక పూర్ణముగా నుండదు. 56 హెర్ట్జ్‌కు ఆ దూరము మీటరున్నర. అందుచే పత్తిని నాలుగు గోడలకు పలుచగా పరచుటకంటె, గోనెబోరెలలో నింపి వెనుక మూలలు రెండింటిలో నేలనుండి పైకప్పు వరకు దట్టముగా పేర్చుట శ్రేయస్కరము. గదిలో కొంత చోటు పోవునన్నది నిజమే. ఆ చోటునకు తగిన ఫలము వచ్చును.

మా రాయియు ఈ పనిలో మాకు శత్రువు మాత్రమే కాదు. రెండంగుళముల మందము, అడుగు పొడవు, అడుగు వెడల్పు గల పలకరాయి పన్నెండు పదమూడు కిలోలు తూగును. స్పీకరు క్రింద రబ్బరుముక్కలపై దానిని ఉంచినచో బల్ల వణుకుట తగ్గి, మంద్రమునకు స్పష్టత వచ్చును. గనుల చెంత పారవేసిన ముక్కలను వెనుకగోడకు ఎగుడుదిగుడుగా పేర్చినచో, తిరిగివచ్చు శబ్దము ఒక్కపెట్టున రాక చెదరివచ్చును. 1975లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ష్రోడర్ ప్రతిపాదించిన చెదరగొట్టు గోడలలో లోతులకు గణితపు లెక్క ఉన్నది. మన పేర్పులో ఆ లెక్క లేకున్నను ఫలము కొంత దక్కును. పది సెంటీమీటర్ల ఎగుడుదిగుడు సుమారు 850 హెర్ట్జ్‌లకు పైన మాత్రమే పనిచేయునని మరువరాదు.

రాతినేల తెచ్చిపెట్టు మరియొక చిక్కు కరెంటుది. స్పీకర్లలో పాట లేనప్పుడు వినబడు హమ్మునకు చాలచోట్ల కారణము ఎర్తింగే. రాతిలో త్రవ్విన గోతికి తేమ నిలువదు. ఉప్పు, బొగ్గు వేసినను వేసవిలో అది ఎండిపోవును. తాగునీటికి ట్యాంకరుకై ఎదురుచూచు ఊళ్లలో ఎర్తు గోతికి బిందెడు నీళ్లు పోయుమని చెప్పుటకు నాకు నోరు రాదు. స్నానపు నీరు పారు చోటనే గోతిని త్రవ్వించుకొనుడని చెప్పుచుందును. కంప్యూటరును, స్పీకర్లను, మిక్సరును ఒకే బోర్డునుండి నడిపినచో హమ్ము చాలవరకు తగ్గును. ఎర్తు పిన్నును తీసివేసినచో హమ్ము పోవునని చెప్పువారి మాట ఎన్నటికిని వినరాదు. అది ప్రాణముతో చెలగాటము.

ఇక వేసవిలో సీలింగుఫాను. దాని రెక్కలు శబ్దమును ముక్కలుచేసి ఊగించును. ఫాను తిరుగుచుండగా రివర్బును, అనగా పాటకు చేర్చు ప్రతిధ్వనిని, గూర్చి తీర్పు చెప్పరాదు. ఆపినచో చెమట. అందుచే తెల్లవారుజామున నాలుగు గంటలకు మిక్సింగు మొదలుపెట్టుట మా ప్రాంతమున అనుభవజ్ఞుల పద్ధతి. అప్పుడు వీధిలో సద్దు లేదు, చెవి విశ్రాంతిలో ఉన్నది, మెల్లగా పెట్టుకొన్నను అంతయు వినబడును. మెల్లగా వినుట ఇందులో మిక్కిలి ముఖ్యము. 1933లో బెల్ ప్రయోగశాలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ చూపినట్లు, శబ్దము పెరిగిన కొలది మన చెవి మంద్రతారములను ఎక్కువగా గ్రహించును. పెద్దగా పెట్టినచో ఏ పాటయైనను బాగున్నట్లే తోచును. సంభాషణ స్థాయిలో బాగున్నదే బాగున్న మిక్సింగు.

ఇంతటి జాగ్రత్త ఎందుకు, చివరకు ఆ పాటను వినునది ట్రాక్టరు మీది డీజే పెట్టెలలోనో, గుడి గోపురముపై మైకుసెట్టు గొట్టములలోనో, ఫోనులోనో కదా యని కొందరందురు. అందువలననే అంత జాగ్రత్త అని నా సమాధానము. గొట్టపు మైకు మూడు నాలుగు వందల హెర్ట్జ్‌లకు దిగువ దాదాపు ఏమియు పలుకదు. నడిమి స్వరములను మాత్రము ఊరి పొలిమేర వరకు విసరును. మా స్త్రీలు కలుపు తీయుచు, నాట్లు వేయుచు పాడి పెంచుకొన్న గళములు ఎత్తుగళములు. మైకు ముందు నిలువబెట్టినను పొలముదాటి వినిపించునట్లే పాడుదురు. 2000 మొదలు 4000 హెర్ట్జ్ వరకు వారి గళములో ఒక కత్తివాదర ఉన్నది. చెక్కభజనలో చెక్కల నడుమ బిళ్లలును, తాళములును ఆ పైననే మ్రోగును. తియ్యగా పలుకు ఇంటి స్పీకరు ఈ వాదరను దాచును. దాచినదానిని మనము దిద్దము. గొట్టము దానిని ఊరందరి చెవులలో గ్రుచ్చును. అప్పుడు జనులు పాడిన ఆమె గొంతు గరుకని అందురు. ఆ మాట ఆమె వినవలసివచ్చుట నాకు మిక్కిలి బాధాకరము, ఏలయన ఆమె గొంతులో దోషము లేదు.

కనుక బిళ్లలను ఒకటి రెండు డెసిబెల్లు తగ్గించి, ఆమె గళమును ఈక్వలైజరుతో కోయక ముందు మైకును ఆమె నోటికి జానెడు దూరము జరిపి, కొంచెము ప్రక్కకు త్రిప్పి మరల పాడించుచున్నాను. మానిటరులో ఆ మార్పు విన్న పిమ్మట, మైకెల్ జాక్సన్ 'థ్రిల్లర్'ను కూర్చిన బ్రూస్ స్వీడీన్ ఎక్కువగా నమ్ముకొన్న ఆరటోన్ వంటి ఒక్కనోటి చిన్నపెట్టెలో మరల వినుచున్నాను. దానికి బదులు పాత రేడియో పెట్టెలోని స్పీకరైనను చాలును. ఈ మాసమున కంభము చెరువు దిగువ గ్రామమునుండి వచ్చిన ఒక కోలాటబృందపు పాటలు నాలుగు నా చేతిలో ఉన్నవి. మూడింటిలో గళము కుదిరినది. నాలుగవదానిలో కోలల చప్పుడు ఇంకను మాటను కప్పుచున్నది, ఆదివారము వారు మరల వచ్చి పాడుదురు.