గీత మీద వేలు

వయొలిన్ నేర్పడం గురించి ఐదేళ్ళ తేడాతో వచ్చిన రెండు పాత పుస్తకాలు ఒక చిన్న విషయం దగ్గర పోట్లాడుకుంటాయి. 1751లో లండన్‌లో ఫ్రాంచెస్కో జెమినియాని వేసిన పుస్తకంలో, వేళ్ళు నొక్కే నల్ల పలక బొమ్మ ఒకటుంది. స్వరం దొరికే చోటల్లా అడ్డగీత. కొత్తగా నేర్చుకునేవాళ్ళు తమ వాయిద్యం మీద కూడా అలాగే గీసుకోవచ్చని ఆయన సలహా. 1756లో లియొపోల్డ్ మోత్సార్ట్ (అవును, ఆ మోత్సార్ట్ నాన్నగారే. కొడుకు పుట్టిందీ ఆ ఏడాదే) తన పుస్తకంలో ఈ పద్ధతిని ఉతికి ఆరేశాడు. పలక మీద అక్షరాల చీటీలు అంటించడం, గాట్లు పెట్టడం తెలివితక్కువ పని అన్నాడు. చెవి ఉన్న పిల్లవాడికి అవి అక్కర్లేదట. చెవి లేనివాడు వయొలిన్ బదులు గొడ్డలి పట్టుకోవడం మేలట.

మన లెక్కలో బొబ్బిలి యుద్ధానికి ఏడాది ముందు మాట ఇది. ఆ తగువు ఇంకా తేలలేదు. చీటీల చోటికి రంగు టేపు వచ్చింది, అంతే. ఆ టేపుని ఒక పుస్తకం చదివినట్టు చదవొచ్చని నాకనిపిస్తుంది. దానికీ ఒక రచయిత ఉన్నాడు, మనసులో పెట్టుకున్న పాఠకుడున్నాడు. ఆ పాఠకుడి బదులు టెక్కలిలో ఒక పిల్ల దాన్ని చదివితే ఏమవుతుందన్నది నా ప్రశ్న.

వీణకి మెట్లుంటాయి. వయొలిన్‌కి ఉండవు. నున్నటి పలక, నాలుగు తీగలు. ఎక్కడ నొక్కాలో పలక చెప్పదు కాబట్టి దాని మీద అడ్డంగా సన్నటి టేపు ముక్కలు అంటిస్తారు. జపాన్‌లో షినిచి సుజుకి మొదలుపెట్టిన పద్ధతిలో నేర్పే టీచర్లు చాలామంది చిన్నపిల్లలకి ఇదే చేస్తారు. మూడో నాలుగో పట్టీలు, ఒక్కో వేలికి ఒకటి.

ఇప్పుడు కాస్త కొలతలు. పెద్ద సైజు వయొలిన్ మీద తీగ మోగే పొడవు సుమారు 325 మిల్లీమీటర్లు. వేలు పెట్టని తీగని సా అనుకుంటే, మొదటి పట్టీ 36 దగ్గర పడుతుంది. అది చతుశ్రుతి రిషభం. రెండోది అంతర గాంధారం. మూడోది 81 దగ్గర, శుద్ధ మధ్యమం. వెస్టర్న్ వాళ్ళ మేజర్ స్కేలు ఇది, మనకైతే శంకరాభరణం. కానీ మన పిల్లలు సరళీ వరసలు మొదలుపెట్టేది మాయామాళవగౌళలో. అందులో ఉన్నది శుద్ధ రిషభం, దాని చోటు సుమారు 20 దగ్గర. అంటే మొదటి రోజు, మొదటి వేలికే, టేపు 16 మిల్లీమీటర్ల అవతలికి దారి చూపిస్తోంది. పక్కనున్న పా తీగ మీద ధైవతానిదీ అదే గతి.

మా వీధిలో ఎనిమిదో తరగతి గుంట (మా వైపు ఆడపిల్లని అలాగే అంటాం) ఫోన్లో క్లాసులు వింటూ వయొలిన్ నేర్చుకుంటోంది. పార్సిల్లో వచ్చిన వయొలిన్‌కి టేపు ముందే అంటించి ఉంది. నాకు కాస్త సంగీతం తెలుసని ఒకరోజు మా ఇంటికొచ్చి, "గీత మీదే ఏలెట్టేను గదక్కా, మరలా పలుకుతాదేటి?" అనడిగింది. గొంతుతో వరస పాడమంటే రిషభం సరిగ్గా పాడింది. కమాను పట్టి వాయిస్తే వేరే రిషభం పలికింది. తేడా ఆ పిల్లకి వినబడుతోంది. అయినా తప్పు తన వేలిదో, చెవిదో అనుకుంటోంది తప్ప గీతది అనుకోవడం లేదు. అచ్చులో ఉన్నదాన్ని అనుమానించకూడదని బడిలో నేర్చుకున్న పిల్లే కదా మరి.

నాకు టేపుతో ఉన్న అసలు పేచీ ఇదే. అది కొలత తప్పు చెప్పడం చిన్న విషయం. పట్టీ పీకి ఇంకోచోట అంటిస్తే సరిపోతుంది. విన్నదానికన్నా చూసినదాన్ని నమ్మమని నేర్పడం పెద్ద విషయం.

పోనీ, మాయామాళవగౌళకి సరిపోయేలా సర్ది అంటించామనుకుందాం. తంబుర పక్కన హాయిగా కలిసే అంతర గాంధారం 65 దగ్గర దొరుకుతుంది, పియానో లెక్క గాంధారం 67 దగ్గర. మధ్యలో ఉన్నది రెండు మిల్లీమీటర్లు. సన్న టేపు అన్నా మూడు మిల్లీమీటర్లుంటుంది. రెండు గాంధారాలూ ఒకే పట్టీ కింద దుప్పటి కప్పుకుని పడుకుంటాయి. ఇక తోడి రాగంలో గాంధారం సంగతి చెప్పక్కర్లేదు, అదొక చోట నిలబడే స్వరమే కాదు. రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ, ఆ ఊగడంలోనే తన పేరు చెప్పుకుంటుంది. ఊయలకి గీత ఎక్కడ గీస్తాం?

ఈ వాయిద్యం మన దగ్గరికి వచ్చిన తీరులోనే దీనికి జవాబుంది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు యూరోపియన్ల దగ్గర వయొలిన్ నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారంటారు. వచ్చాక మనవాళ్ళు దాన్ని కింద కూర్చోబెట్టారు. తల భాగం పాదం మీద ఆనించారు. వాయిద్యాన్ని మోసే పని తప్పడంతో ఎడమ చెయ్యి పలక మీద పైకీ కిందకీ జారడం సులువైంది. ఆ జారుడు లేకపోతే గమకం లేదు. అలా జారే వేలికి టేపు అంచు ప్రతిసారీ ఒక చిన్న గతుకు.

విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) వయొలిన్ చెప్పారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయనకి చూపు బాగా తక్కువ. వయొలిన్‌కి ఉత్తరాంధ్రలో ఇంతకన్నా పెద్ద పేరు లేదు. కంటికి ఆనే గీతలతో పని లేకుండా స్వరం ఎంత దూరం వెళ్ళగలదో చెప్పడానికి వేరే ఉదాహరణ వెతకక్కర్లేదు.

ఇంతవరకూ లియొపోల్డ్ వైపే మాట్లాడాను. ఇక ఆయనతో నా తగువు. ద్వారం వారి శిష్యులకి ఎదురుగా ద్వారం వారున్నారు. టెక్కలి నుంచి విజయనగరం వంద కిలోమీటర్ల పైనే. ఫోన్లో టీచర్‌కి పిల్ల వేలు సగమే కనిపిస్తుంది, శబ్దం ఆలస్యంగా చేరుతుంది, ఇద్దరూ కలిసి ఒక స్వరం వాయించడం కుదరదు. అలాంటప్పుడు "మొదటి గీతకి కొంచెం వెనక్కి" అని చెప్పడానికైనా ఒక గీత కావాలి. టేపు అక్కడ లేని గురువు వేలికి బదులు. దాన్ని వెక్కిరించే ముందు ఆ ఖాళీని కూడా చూడాలి.

ఇక ఆ గొడ్డలి మాట. చెవి కొందరికి పుట్టుకతో ఉంటుందని, లేనివాళ్ళు కట్టెలు కొట్టుకోవాలని చెప్పినాయన ఇల్లంతా వయొలిన్ మోగే ఇల్లు. మా వైపు చెక్క పని చేసేవాళ్ళ సంగతి ఆయనకేం తెలుసు? బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళు పనస దుంగని తొలిచి వీణ చెక్కుతారు. ఆ తర్వాత మైనం మీద 24 మెట్లు నిలబెడతారు. దాన్ని మేళం కట్టడం అంటారు. ప్రతి మెట్టూ తీగ మీటి, విని, జరిపి, మళ్ళీ విని కూర్చోబెట్టాల్సిందే. బాడిస పట్టిన చెయ్యీ, స్వరం పట్టిన చెవీ ఒక్కరివే.

ఉద్దానం వైపు వస్తే ఇంకో తీగ ఉంది. జముకు. కుంచం లాంటి పాత్రకి ఒకవైపు తోలు, ఆ తోలు నడిమి నుంచి ఒక తీగ. తీగని లాగి పట్టి మీటుతారు. బిగిస్తే స్వరం ఎక్కుతుంది, వదిలితే దిగుతుంది. పలక లేదు, మెట్టు లేదు, గీత పెట్టడానికి చోటే లేదు. పలాస దగ్గరి బొడ్డపాడులో ఉండి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథని శ్రీకాకుళ పోరాటంలోకి తీసుకెళ్ళారు. 1969 డిసెంబరులో ఆయన్ని చంపేశారు. కొబ్బరితోటల మధ్య రాత్రంతా కూర్చుని ఆ కథలు విన్న జనానికి చెవి లేదని అనగలమా? తంబుర పక్కన పెరగకపోవడం వేరు, చెవి లేకపోవడం వేరు. సంగీతం గురించి రాసేటప్పుడు ఈ రెంటినీ ఒకటి చేసేయడం మనకి బాగా అలవాటైపోయింది.

కాబట్టి గీత ఉండాలా వద్దా అని జెమినియానికీ లియొపోల్డ్‌కీ మధ్య తీర్పు చెప్పే కన్నా, గీత ఎవరు గీస్తున్నారని అడగడం మేలు. వీణ మెట్టూ గీతే, కానీ ఆ వీణ కోసం ఒక మనిషి విని పెట్టిన గీత. పార్సిల్లో వచ్చిన టేపు ఎక్కడో ఎవరో స్కేలుతో కొలిచి పెట్టింది. ఆ పిల్లకి నేను చెప్పింది చిన్న పని. టేపు పీకేసి, ఫోన్లో శ్రుతి పెట్టుకుని, ముందు గొంతుతో పాడి, ఆ స్వరాన్ని తీగ మీద వేలితో వెతకమన్నాను. సా తీగ మీద పా దొరికిందో లేదో పక్కన ఉత్త తీగే చెబుతుంది, అదీ పా కదా. అక్కడ మొదలుపెట్టి వెనక్కి రావచ్చు. దొరికిన చోట కావాలంటే చాక్‌పీసుతో సన్నగా గీసుకోమన్నాను.

పద్యం మీద గురువు లఘువు గుర్తులు పెట్టినవాళ్ళందరికీ పద్యం నడక రాదు. అలాగని గుర్తులు పెట్టినందుకు ఎవరి పద్యమూ చెడలేదు. ఎవరో గుర్తులు పెట్టిచ్చిన పద్యాన్ని బట్టీ పట్టడానికీ, పైకి చదువుకుంటూ తానే గణాలు విడగొట్టుకోవడానికీ మాత్రం చాలా తేడా ఉంది. చాక్‌పీసు గీతతో ఇంకో సుఖం కూడా ఉంది. వేలు రాసుకుని రాసుకుని అది వారం తిరక్కుండా చెరిగిపోతుంది. అప్పటికి చోటు గుర్తుంటే సరే, లేకపోతే మళ్ళీ విని గీసుకోవాలి. మనందరం అక్షరాలు దిద్దిందీ అలా చెరిగిపోయే పలక మీదే.