ఇల్లు వచ్చింది, వీధి రాలేదు

ముట్టుకాడు దక్షిణచిత్రలో మన తెలుగు ఇళ్ళు రెండు ఉన్నాయి. ఒకటి విశాఖ పక్క హరిపురం చుట్టిల్లు. రెండోది నల్లగొండ పక్క కొయ్యలగూడెం ఇక్కత్ నేసేవాళ్ళ ఇల్లు. మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ 1996లో తెరిచిన ఈ తావులో వర్తకుల పెద్ద ఇళ్ళు కూడా ఉన్నాయి, జనం ఫొటోలకు ఎగబడేది అక్కడే. నేను మాత్రం నేతింటికాడే ఎక్కువసేపు నిలబడితిని. మాది తిరుత్తణి. పొదటూరుపేట, అమ్మయ్యార్‌కుప్పం మగ్గాల ఊళ్ళే. రెక్కల కష్టంతో బతికేవాళ్ళ ఇంటిని కూడా కాపాడాలని ఎవరికో తోచింది, అది చిన్న విషయం కాదు.

అయినా ఒక మాట అనాల. నేతోళ్ళ ఇల్లు గోడలతో అయిపోదు. పడుగు ఇంట్లో పట్టదు. తెల్లారుజామున, ఎండ ముదరకముందే, వీధి పొడుగునా చాచి గంజి పట్టించి దువ్వాల. దానికి ఇరుగుపొరుగు చేతులు కావాల. అంటే నేతింటికి వీధే ఇంకొక గది. అది లేకుండా ఇల్లొకటే చూస్తే, నేసేవాడు ఒంటిగా కూర్చుని కళ చేసుకుంటున్నట్టు అనిపిస్తుంది. పల్లెలో అట్లా ఎవరూ నెయ్యలేదు.

ఇక్కత్‌కయితే సగం పని మగ్గం ఎక్కకముందే. ఆసు మీద నూలు పొయ్యాల, చిటికి కట్టాల, రంగులో ముంచాల. ఆసు పోసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళు. ఒక చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాల. ఆలేరు పక్క చింతకింది మల్లేశం వాళ్ళమ్మ భుజాల నొప్పి చూడలేకే లక్ష్మీ ఆసు యంత్రం చేసినాడు, 2017లో పద్మశ్రీ ఇచ్చినారు. ఆ నొప్పిని ఏ ఇంటి గోడా చెప్పదు. ఆసు పోసినావిడ గొంతు రికార్డు చేసి ఆ ఇంట్లో వినిపిస్తే చెబుతుంది.

నాకు పట్టింపు ఎక్కువ ఉండేది ఇక్కడే, మాటకాడ. మన మగ్గం తమిళంలో తరి. పడుగు అక్కడ పావు, పేక ఊడై, నాడె నాడా. అచ్చు మాత్రం రెండు భాషల్లోనూ అచ్చే! 1960లో తిరుత్తణి చిత్తూరు జిల్లా వదిలి మద్రాసు రాష్ట్రంలో కలిసింది, బడి మాట తమిళమయింది. ఇంటి మాటకు ఇల్లే బడి, మగ్గం గుంటే పలక. పవర్‌లూమ్ వచ్చినాక గుంట పూడ్చేసినారు. గుంటలో కాళ్ళకింద తొక్కే చెక్కను ఏమంటారని అడిగితే ఇప్పుడు మాపక్క పెద్దోళ్ళు కూడా కాసేపు తడుముకుంటారు. ఇంటిని దూలం దూలం విప్పి, నంబరు వేసి, ఇంకొకచోట కట్టచ్చు. మాటను అట్లా విప్పి తేలేము.

మాపక్క కూడా ఒక గుంటమగ్గం ఇంటిని నిలబెట్టాలని నా ఆశ. నిలబెడితే ముట్టుకాడుకు మోసుకుపోవద్దు, ఉన్న వీధిలోనే ఉండనీండి. దూలాల లెక్క తర్వాత రాసుకోవచ్చు. ముందు ఆ చెక్క పేరు తెలిసిన తాతనో అవ్వనో పట్టుకోని, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, పక్కన కూర్చోవాల.